ఢిల్లీకి మా భజన మండలి చేసిన ఫోన్లు

పుస్తకం రాసి, దాన్ని ఎక్కడికో పంపి, పొద్దున లేస్తూనే ఫోన్ చూసుకునే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. నేను రిటైరైన ఇంగ్లిష్ టీచర్ని కనుక, పుస్తకంతో పాటు పంపాల్సిన ఉత్తరం ఒకసారి దిద్దిపెట్టమంటారు. దిద్దడం అయ్యాక అసలు ప్రశ్న బయటికి వస్తుంది. "ఎన్నాళ్లు చూడాలె సార్?" దానికి నా దగ్గర లెక్క లేదు. ఒక సంగతి మాత్రం ఉంది. చాయ్ తాగించి అదే చెప్పి పంపిస్తాను.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు నన్ను మక్తల్ అవతల ఒక ఊరి హైస్కూలుకు బదిలీ చేశారు. కృష్ణా నది ఆ ఊరికి దగ్గరే. కందిచేలు, పల్లిచేలు, గొర్లమందలు. ఒక గది కిరాయికి తీసుకున్నాను కానీ, సాయంత్రాలు ఎక్కువగా భజన మందిరంలోనే గడిచేవి. చిన్నప్పుడు మా నాయిన ఒడిలో కూర్చుని పురాణం విన్నవాణ్ణి. ఆ ఊళ్లో పురాణం చదివి అర్థం చెప్పే పెద్దాయన అప్పటికే కాలం చేశారు. పీట ఖాళీగా ఉంది. నన్ను కూర్చోబెట్టారు.

మా మండలి పద్ధతి రెండు ముక్కల్లో చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. భజనలో ఒకరు చరణం అని ఆగుతారు. ఆగగానే మిగతా అందరూ అదే చరణాన్ని ఎత్తుకుంటారు. అనేవాడి గొంతు బాగుందా లేదా అన్నది లెక్కలోకి రాదు. ఆగితే ఎత్తుకోవాలి, అంతే. ఇక సప్తాహం పెడితే వారమంతా నామం తెగకూడదు. జట్లుగా విడిపోయి వంతులు వేసుకుంటారు. వచ్చిన జట్టు నామం అందుకున్నాకే ఉన్న జట్టు లేవాలి. ఈ రెండూ ఆ ఊరివాళ్లకు నేర్చుకున్న పనుల్లా ఉండవు. ఊపిరి పీల్చుకోవడంలా ఉంటాయి.

మా స్కూల్లో తెలుగు చెప్పే మేడం ఆ ఊరి ఆడబిడ్డే. గొర్లకాపరుల ఇంట్లో పుట్టి, హాస్టళ్లలో ఉండి చదువుకుంది. గుడి మెట్లు ఎక్కే అలవాటు లేదు. నా బొట్టు చూసి, "సార్, ఇయ్యాల ఏకాదశి అని మీ మొహం మీదనే రాసున్నది" అని నవ్వేది. ఖాళీ పీరియడ్‌లో స్టాఫ్ రూం కిటికీ దగ్గర కూర్చుని తెల్లకాగితాల మీద రాసుకుంటూ ఉండేది. ఒకరోజు అడిగితే కట్ట మొత్తం నా చేతిలో పెట్టింది. నవల. వాళ్ల నాయిన మందను తోలుకుని ఎండాకాలం కృష్ణ దాటి పోవడం, వానలకు తిరిగి రావడం, ఆ నడక, ఆ ఆకలి, దారిలో రైతులతో తగాదాలు. రెండు రోజులు నా సంధ్యావందనం కూడా ఆలస్యమైంది, అంత బాగుంది.

"దీన్ని ఇంగ్లిష్‌లోకి తెస్తాను" అన్నాను. తను వద్దంది. నేను పట్టుబట్టాను. ఆ వేసవి సెలవులంతా కూర్చుని అనువాదం చేశాను. ఇంగ్లిష్‌లో పుస్తకం వేయించాలంటే మన దగ్గరలా ప్రెస్సుకు పోయి అచ్చు వేయించుకుని కట్టలు మోసుకు రావడం కాదు. నడుమ ఒక మనిషి ఉంటాడు, లిటరరీ ఏజెంట్ అంటారు. ఈ మాట స్టాఫ్ రూంలో చెబితే మా హెడ్మాస్టరు కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

"ఏజెంటంటే? పాలసీ కట్టించుకునేటోడా?"

"కాదు సార్. రాసినవాళ్లకూ అచ్చు వేసేవాళ్లకూ మధ్య మనిషి. పుస్తకం నచ్చితే తనే పట్టుకుపోయి మాట్లాడి పెడతాడు."

"అట్ల చెప్పు మరి. మన మార్కెట్ యార్డుల అడ్తిదారు లెక్క. గాని, అడ్తి కాడ పొద్దుగాల పల్లికాయ పోస్తే పొద్దుమూకే లోపల ధర చెప్తడు గదా. గాయన ఎప్పుడు చెప్తడు?"

మేడం కిటికీ దగ్గర నుంచే అంది. "గీ అడ్తిదారు కాయకాయ ఒలిచి సూస్తడు సార్. జర టైం పడ్తది."

అందరం నవ్వుకున్నాం. ఆ నవ్వు నాలుగైదు నెలలు నడిచింది.

రెండు చోట్ల వెంటనే వద్దన్నారు. మూడోది ఢిల్లీలోని ఒక చిన్న సంస్థ. అక్కడి నుంచి మాత్రం పంపిన నిమిషంలోనే ఒక జవాబు వచ్చింది. మనిషి రాసింది కాదు, యంత్రం పంపింది. మీరు పంపిన అధ్యాయాలు అందాయి, మధ్యలో ఫోన్ చేసి అడగవద్దు, నాలుగు నెలల్లో మా నుంచి ఏమీ రాకపోతే తీసుకోలేదని అనుకోగలరు, అని. మేడంకు చదివి వినిపించాను. ఆమె తల ఊపింది.

నాలుగు నెలలు పోయాయి. ఏమీ రాలేదు. ఆ ఆఖరి ముక్కను నేను నమ్మలేదు. చిన్నప్పటి నుంచి నేను చదివిన పురాణాల్లో దేవుడు ఆలస్యంగా వచ్చిన కథలే ఎక్కువ. పలకలేదంటే వినలేదని కాదు, వద్దన్నాడనీ కాదు అని పీట మీద కూర్చుని ఎందరికో చెప్పినవాణ్ణి. ఢిల్లీ మౌనానికి కూడా అదే వ్యాఖ్యానం చెప్పుకున్నాను. పొద్దున జపమాల పూర్తయ్యేదాకా ఫోన్ ముట్టుకోకూడదని నియమం పెట్టుకున్నాను. నియమం నిలిచింది. మాల మాత్రం రోజురోజుకూ తొందరగా తిరగడం మొదలైంది.

నన్ను కలవరపెట్టింది జవాబు రాకపోవడం ఒక్కటే కాదు. మేడం రాయడం మానేసింది. కిటికీ దగ్గర అదే కుర్చీ, అదే ఖాళీ పీరియడ్. కానీ ఇప్పుడు మధ్యాహ్న భోజనం లెక్కలు ఫోన్‌లో ఎక్కించేది, లేకపోతే ఎవరివైనా జవాబు పత్రాలు దిద్దేది. ఒకసారి అడిగాను.

"రెండో పుస్తకం మొదలుపెడతానన్నారు గదా మేడం?"

"మొదటిదాని సంగతి తేలనియ్యిండ్రి సార్. ఒక ముద్ద గొంతుల ఉండంగ ఇంకో ముద్ద ఎట్ల మింగుత?"

తన మానాన తాను రాసుకుంటున్న మనిషి. నేను చేయి పెట్టకపోతే ఇంకా రాస్తూనే ఉండేది. ఏ జవాబైనా సరే, అవునైనా కాదైనా, ఒకటి రావాలి, ఆ ముద్ద దిగాలి, ఈమె మళ్లీ కలం పట్టాలి. ఆ రోజుల్లో నా ప్రార్థన అదొక్కటే.

ఒక ఏకాదశి సాయంత్రం హారతి అయ్యాక మండలిలో ఈ మాట చెప్పాను. మేడం పుస్తకం ఢిల్లీలో ఉంది, మంచి జరగాలని అందరూ దండం పెట్టండి అన్నాను. ఎరువుల దుకాణం ఆయన మా మండలి కార్యదర్శి. హార్మోనియం మూస్తూ తల ఎత్తాడు.

"గా ఆఫీసుకు ఫోన్ ఉంటది గదా సార్?"

"ఉంటది. కానీ ఫోన్ చెయ్యొద్దని రాసిండ్రు."

"మీకు రాసిండ్రు. మాకు రాసిండ్రా?"

మందిరమంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ సంస్థ ఎలాంటిదో చూస్తామంటే వాళ్ల వెబ్‌సైట్ పేజీ మండలి వాట్సాప్‌లో పెట్టి ఇంటికి వచ్చేశాను.

నాలుగైదు రోజుల తర్వాత యూరియా కోసం వచ్చిన రైతులతో దుకాణం కిటకిటలాడుతుంటే, కార్యదర్శి నన్ను చూసి గల్లా వదిలి బయటికి వచ్చాడు.

"నామం తెగలే సార్" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. వంతులు వేసుకున్నారట. పొద్దున దుకాణం తెరవగానే ఆయన. తర్వాత దర్జీ. మధ్యాహ్నం మృదంగం తాత. సాయంత్రం తాళాలు కొట్టే అవ్వ. ఒకరి ఫోన్ అయ్యాక ఇంకొకరికి కబురు. సప్తాహం నడిపినట్టే నడిపారు.

"ఏమన్నరు వాళ్లు?" అని అడిగాను.

"ఒక ఆడపిల్ల ఎత్తుతది. మంచి పిల్ల సార్. మొదాలు వాళ్ల ఆఫీసు మేడం బిజీ అన్నది. మర్నాడు కౌన్సా కితాబ్ అన్నది. అవ్వ వంతు వచ్చేసరికి, బోలో దాదీ, అని తనే కూసోని విన్నది."

"అవ్వకు ఉర్దూ ఎట్ల వచ్చు?"

"మార్కెట్ల మేకలు అమ్మిన మనిషి సార్. మీకంటే మంచిగొస్తది."

"అసలు ఏం చెప్పిండ్రు? మీలో ఒక్కరు కూడ ఆ పుస్తకం చదవలే గదా!"

ఆయన నన్ను వింతగా చూశాడు. "పుస్తకం చదవకపోతేంది సార్? ఆ ఇల్లు తెల్వదా మాకు?"

ఇక ఒక్క ఫోన్ కూడా చేయవద్దని చేతులు జోడించాను. వాళ్లకు కోపం వచ్చింది. ఆ శనివారం భజనలో నా చరణం మామూలు కంటే నీరసంగా ఎత్తుకున్నారు.

జవాబు ఆ తర్వాతి వారం వచ్చింది. మధ్యాహ్నం గంట కొట్టారు, పిల్లలు పళ్లాలు పట్టుకుని వరండాలో కూర్చుంటున్నారు. ఈసారి రాసింది మనిషే. నాలుగు ముక్కలు. మీరు పంపిన అధ్యాయాలు చదివాం, తీసుకోలేకపోతున్నాం. మీ ఊరి నుంచి మాకు చాలా ఫోన్లు వచ్చాయి, దయచేసి ఆపించండి. ఆ తర్వాత కొత్త పేరాలో ఇంకొకటి ఉంది. "ఫోన్ చేసిన వాళ్లందరూ గొర్రెల మందతో నది మధ్యలో చిక్కుకున్న ఒక స్త్రీ గురించి చెప్పారు. ఆమె కోసం మీరు పంపిన పేజీల్లో మళ్లీ వెతికాం. కనిపించలేదు."

ఫోన్ మేడం చేతికి ఇచ్చాను. చదివింది. వద్దన్న మాట దగ్గర ఆమె ముఖం మారలేదు.

"ఇది నాకు ఎప్పుడో తెల్సు సార్. నాలుగు నెలలు దాటిన నాడే తెల్సు. మీరే పొద్దుగాల పొద్దుగాల గంత ఆశతోని వస్తుంటిరి. నేనెట్ల చెప్పాలె?"

అంటే ఇన్నాళ్లూ ఎదురుచూసింది నేనొక్కడినే. ఆమె నా ఎదురుచూపు ముగియడం కోసం చూస్తోంది. అప్పటికి నాకు సర్వీసు అయిపోవచ్చింది, జుట్టంతా తెల్లబడింది. అయినా ఆ మాట విని పిల్లవాడిలా నేల చూపులు చూశాను.

ఆమె చివరి ముక్క రెండోసారి చదివింది. ఈసారి ముఖం మారింది.

"మా అమ్మ ముచ్చట ఢిల్లీల ఎవరు చెప్పమన్నరు సార్ వీళ్లను? నది నడుమ చిక్కుడేంది? ఏందిది?"

నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. వాళ్లమ్మ నేను ఆ ఊరికి రాకముందే పోయింది. నవలలో ఆమె గురించి ఒకే వాక్యం ఉంది. "నీళ్లొచ్చినయ్, ఆగిన, తగ్గినంక వచ్చిన అన్నది అమ్మ." దాన్ని నేనే ఇంగ్లిష్‌లో పెట్టాను, మామూలు వాక్యంలా పెట్టాను.

ఆ వారమంతా మేడం నాతో మాట్లాడలేదు. శనివారం సాయంత్రం మందిరం గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. తాళాలు ఆగిపోయాయి. దేవుడికి దండం పెట్టలేదు. నేరుగా అవ్వ ముందు కూర్చుంది.

"ఏం చెప్పినవ్ అవ్వా, ఢిల్లీ పిల్లకు?"

"ఏం చెప్తనే? ఉన్నది చెప్పిన."

"నాకు చెప్పు మరి."

"నీకు తెల్వదా?" అవ్వ నిజంగా ఆశ్చర్యపోయింది. చుట్టూ చూసింది. "ఈ పిల్లకు ఎవ్వరు చెప్పలే?"

అప్పుడు చెప్పారు. అవ్వ మొదలుపెట్టింది, మిగతావాళ్లు అందుకున్నారు. కృష్ణ దాటి మంద తిరిగి వస్తున్న ఏడు. నాయినకు చలిజ్వరం, నిలబడలేడు. నది నడిమి గడ్డ మీదికి మంద చేరింది. గడ్డ నుంచి ఈ ఒడ్డుకు రావడానికి పుట్టి కట్టారు. తోలుతో చేసిన గుండ్రటి పడవ అది. మొదటి విడతలో నాయినను, గొర్రెపిల్లలను ఎక్కించి అమ్మ పంపింది. పుట్టి తిరిగి పోయేలోపు పైన డ్యాం నుంచి నీళ్లు వదిలారు. రెండు పాయలూ పొంగాయి. గడ్డ మీద అమ్మ, మంద.

"పుట్టి ఏసేటోడు పోనన్నడు" అన్నాడు మృదంగం తాత. "పోతే నేను గూడ తిరిగి రాను అన్నడు."

"సద్దిమూట ఒక్కటే ఉండె ఆమెకాడ" అంది అవ్వ. "మేమేం జేస్తం బిడ్డా? పొద్దుమూకేయాళ్లకు ఒడ్డుకు పోయి పిలుస్తుంటిమి. ఒకరి గొంతు పోతే ఇంకొకరు. వంతులు ఏసుకుంటిమి. పిలుపు ఆగొద్దని. ఆమెకు మన గొంతు ఇనబడాలె గదా, లేకుంటె ఒక్కతే అనుకుంటది."

"పలికేదా?" మేడం అడిగింది.

"పలుకుతుండె. ఈడనే ఉన్న అని. గంతే. ఇంకొక మాట లేదు. ఈడనే ఉన్న."

"ఒకనాడు పలకలే" అన్నాడు కార్యదర్శి. "నేను అప్పుడు చిన్నోన్ని, మా బాపు భుజం మీద ఉన్న. ఎంత పిలిచినా పలకలే. ఆడోళ్లు ఏడుపు ఎత్తుకున్నరు. అప్పుడు గొంగడి కనవడ్డది. కట్టెకు కట్టి ఊపుతుండె. గొంతు పోయింది ఆమెకు, మనిషి ఉన్నది."

"నాకెందుకు చెప్పలే?"

"పరీక్షలుండె గదనే నీకు హాస్టల్ల. మీ అమ్మనే ఒట్టు పెట్టిచ్చింది. చదువు ఖరాబైతదని." అవ్వ తాళాలు ఒళ్లో పెట్టుకుంది. "పెద్దదానివైనవ్, నౌకరి వచ్చింది, ఆమెనే చెప్పి ఉంటదనుకున్నం."

నేను పీట మీద ఉండి, నా ముందు విప్పి ఉన్న పురాణం వైపు చూశాను. ఏళ్లతరబడి వీళ్లకు భక్తి అంటే ఏమిటో చెబుతూ వచ్చాను. వంతులు వేసుకుని ఢిల్లీకి ఫోన్లు చేసినప్పుడు తెలివితక్కువవాళ్లని విసుక్కున్నాను. వాళ్లకు తెలిసింది అదొకటే. మనిషి దూరంగా చిక్కుకుంటే ఒడ్డున నిలబడి పిలుపు ఆగకుండా చూడటం.

సోమవారం ఖాళీ పీరియడ్‌లో మేడం కిటికీ దగ్గర కూర్చుంది. ముందు తెల్లకాగితం ఉంది. హెడ్మాస్టరు మధ్యాహ్న భోజనం లెక్కలు అంటూ రాబోతే నేను లేచి ఆ లెక్కల ఫోన్ తీసుకున్నాను. రిటైరయ్యేదాకా ఆ లెక్కలు నేనే ఎక్కించాను.

పిల్లలు ఇక్కడ ఆపి అడుగుతారు. ఆ పుస్తకం వచ్చిందా సార్, ఢిల్లీవాళ్లు తీసుకున్నారా అని. అమ్మ కథ కూడా కలిపాక తెలుగులో వచ్చింది, మేమే వేసుకున్నాం. ఆ కథ ఇంగ్లిష్‌లోనూ చేర్చి మళ్లీ ఢిల్లీకే పంపాను. నాలుగు నెలలు అన్నారు, చూస్తున్నాం. ఇప్పుడు నా మాల నిదానంగానే తిరుగుతోంది. కార్యదర్శి మాత్రం కనపడినప్పుడల్లా, "ఒక్కసారి కొట్టాల్నా సార్, ఒక్కటే?" అంటాడు. వద్దంటాను. మేడం మూడో పుస్తకంలో ఉంది. పంపినదాని ఊసు ఎత్తదు.

వాళ్లకు చివరగా చెప్పేది ఆ ఒక్క సాయంత్రం గురించి. అమ్మ అధ్యాయం పూర్తయిన రోజు మేడం దాన్ని మందిరానికి తెచ్చింది. పురాణం చదివే వేళకు మనిషి కథ చదవడం ఏమిటని ఒకరిద్దరు గొణిగారు. నేను పురాణానికి దండం పెట్టి, బట్ట చుట్టి పక్కన పెట్టాను. అందుకు స్వామి కోపగించుకుంటాడని నేను అనుకోలేదు. మేడం పీట మీద కూర్చోనంది. అవ్వ పక్కన చాప మీద కూర్చుని చదివింది. జ్వరం, పుట్టి, పొంగిన పాయలు, ఒడ్డున వంతులు, పలకని సాయంత్రం, కట్టె మీద గొంగడి. మర్నాటికి నీళ్లు తగ్గుముఖం పట్టాయి, గొంతు కొంచెం తిరిగి వచ్చింది. ఒడ్డు మీది నుంచి మళ్లీ పిలిచారు. గడ్డ మీద అమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఈడనే ఉన్న" అని చదివి, మేడం ఆగింది.

అధ్యాయం అక్కడితో అయిపోయింది. కానీ మా వాళ్లకు ఆ సంగతి తెలియదు. అలవాటైన ప్రాణాలు. ముందుగా అవ్వ తాళం ఒకటి మోగింది. ఆ వెంటనే మందిరమంతా ఒక్క గొంతుతో ఎత్తుకుంది.

"ఈడనే ఉన్న."